సైడ్ హెడ్డింగ్ ఎక్కడి నుంచి వచ్చింది

పంచాంగాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నవలలా చదివిన మనిషి ఎక్కడైనా ఉన్నాడా? ఉగాది నాడు గుడి దగ్గర అయ్యగారు రాశిఫలాలు, ఆదాయ వ్యయాలు చదువుతుంటే ఊరంతా కూర్చుని వింటుంది. ఆ ముచ్చట ఆ ఒక్క పూటకే. మిగిలిన ఏడాదంతా ఆ పుస్తకంతో పని పడేది పెండ్లికో, ఇంటి ముహూర్తానికో, బోరు వేసే రోజు చూసుకోవడానికో. పేజీ తిప్పి, వరుస మీద వేలు పెట్టి, కావలసిన గడి దగ్గర ఆగి, పుస్తకం మూసేస్తారు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, దేని చోటు దానికే ఉంటుంది. రాహుకాలం వెతికేవాడు నక్షత్రం జోలికి పోడు. రాసినవాడూ పోవాలని కోరుకోడు.

వెతుక్కోవడం కోసమే పుట్టిన రాత అది. ఇవాళ ఫోన్‌లో ఏదైనా దరఖాస్తు ఎలా నింపాలని అడిగితే వచ్చే పాఠాల్లో శీర్షికలు, బొద్దు అక్షరాలు, అంకెలు వేసిన మెట్లు కనిపిస్తాయి. ఇదంతా కంప్యూటర్‌తో పాటు అమెరికా నుంచి దిగిందని చాలామంది నమ్మకం. సగం నిజం. మిగతా సగం కథ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి కూడా చెప్పుకోవచ్చు.

ముందు గంగాధర మండలం కురిక్యాలకు పోదాం. అక్కడి బొమ్మలగుట్ట మీద సుమారు క్రీ.శ. 945 నాటి శాసనం ఉంది. వేములవాడ చాళుక్యుల్లో రెండో అరికేసరి ఆస్థానకవి, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు. అతని తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట రాతి మీద జైన ప్రతిమలు చెక్కించి, కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో రాయించాడు. తెలుగు వంతుకు వచ్చినవి మూడు కంద పద్యాలు. తెలుగులో దొరికిన మొట్టమొదటి కందాలుగా పండితులు వీటినే చూపిస్తారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ముందుకు తెచ్చిన ఆధారాల్లో ఈ రాయి కూడా ఉంది.

నా ఆసక్తి హోదా మీద కాదు. రాతి మీద ఉలితో అక్షరం దించేవాడికి ఖాళీ వదలడమంటే చోటు దండగ. మరి ఒక పద్యం ఎక్కడ ముగిసింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది? ఆ సంగతి కందం తనంతట తానే చెబుతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. రెండో పాదం, నాలుగో పాదం పొడుగ్గా ఉండి గురువుతో ఆగాలి. అక్షరాలన్నీ గుదిగుచ్చి రాసినా, కందం తెలిసినవాడు పైకి చదివితే పాదాలు వాటంతటవే విడిపోతాయి. గుర్తు కంటికి పెట్టింది కాదు, చెవికి పెట్టింది.

ఈ చెవి గుర్తులు మనకు చాలానే ఉన్నాయి. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకం తీసుకోండి. ప్రతి సీసమూ ఎత్తుగీతి చివర అదే మకుటంతో ఆగుతుంది, అందులో ధర్మపురి పేరు కూడా ఉంటుంది. మకుటం భక్తి కోసమే అనుకుంటాం కానీ, వినేవాడికి అది ‘ఇక్కడికి ఒకటి అయింది, తర్వాతిది మొదలు’ అని చెప్పే గుర్తు కూడా. కావ్యాల్లో ఆశ్వాసాంత గద్యదీ అదే ఉద్యోగం. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసం. ఇవాళ్టి పుస్తకంలో పేజీ నెత్తి మీద ఉండేదంతా అక్కడ అధ్యాయం తోకలో ఉండేది.

తాటాకు మీద కంటి గుర్తులు పెట్టడం కష్టం. గంటంతో గీసి మసి రుద్దితే గీతల్లో నలుపు నిలుస్తుంది. రంగు మార్చే వీలు లేదు, లావు సన్నం చేసే వీలూ పెద్దగా లేదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఈ ఎడం లేకపోవడం మన ఒక్కరి సంగతే కాదు. లాటిన్ కూడా శతాబ్దాలపాటు అలాగే గుదిగుచ్చి రాశారు. ఆ భాష పుట్టుకతో రాని ఐర్లండ్ సన్యాసులు చదవలేక 7, 8 శతాబ్దాల్లో మాటల మధ్య ఎడం పెట్టడం మొదలుపెట్టారు. తోలు పుస్తకాల్లో శీర్షికలకు ఎర్ర సిరా కూడా వాడారు. భాష బాగా వచ్చినవాడికి ఎడంతో పని లేదు. కొత్తవాడికి, తొందరలో ఉన్నవాడికి, మళ్లీ వెనక్కి వచ్చి వెతికేవాడికే కావాలి. ఈ కథలో ప్రతి మలుపునూ తిప్పింది అలాంటి పాఠకుడే.

అచ్చు వచ్చాక పరిస్థితి మారింది. తెలుగు అచ్చు పుస్తకం మొదట వెలువడింది 1740లలో, జర్మనీలోని హాలే పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ అనే పాద్రి చేతుల మీదుగా. మద్రాసులో 1816లో క్యాంబెల్ వ్యాకరణం, ఆ తర్వాత బ్రౌన్ పుస్తకాలు, 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణలు వచ్చాయి. పాత వ్యాఖ్యాన పద్ధతి అచ్చులో కంటికి కనిపించే రూపం దిద్దుకుంది: పైన పద్యం, కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం. పద్యానికి పెద్ద టైపు, టీకకు చిన్న టైపు. పద్యం కంఠస్థం వచ్చినవాడు తాత్పర్యానికి దిగిపోతాడు. ఒక్క మాట దగ్గర చిక్కుకున్నవాడు ప్రతిపదార్థంలో ఆ మాట ఒక్కటీ చూసి బయటపడతాడు. ఒకే పేజీని ఒక్కొక్కరు ఒక్కో రకంగా వాడుకుంటారు. తెలుగు బడుల్లో ఇప్పటికీ నడుస్తున్న ఈ మూడంతస్తుల పేజీని నేనైతే మనకు దక్కిన గొప్ప ఆవిష్కరణల్లో ఒకటిగా లెక్కేస్తాను. దాన్ని కనిపెట్టినవాడి పేరు మాత్రం ఏ పుస్తకం మీదా ఉండదు.

అదే కాలంలో లండన్‌లో ఇంకో సంగతి జరిగింది. పోస్టర్ల కోసం లావు టైపులు అప్పటికే ఉన్నాయి. 1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ వాళ్లు క్లారెండన్ అనే బొద్దు టైపును రిజిస్టరు చేయించారు. మామూలు అక్షరాల పక్కన ఒకే పంక్తిలో ఇమిడి, అందులో ఒక మాటను మాత్రం పైకి తేల్చడం దాని పని. నిఘంటువులు దాన్ని వెంటనే అందుకున్నాయి. వాలు అక్షరం అంతకన్నా ముందే, 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం నుంచి వచ్చింది. పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు ఎలాగూ ఉన్నాయి. ఇంగ్లిష్ పేజీకి ఇన్ని పనిముట్లు.

తెలుగుకు ఇందులో పుట్టుకతో వచ్చింది ఒక్కటీ లేదు. పెద్దబడి అక్షరం లేదు. వాలు అక్షరం లేదు, గుండ్రటి అక్షరాన్ని వాలిస్తే పడిపోయేలా కనిపిస్తుంది. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువుకు మాత్రం ఈ ఇబ్బంది రాలేదు. వెతికే మాట తెలుగు లిపిలో, అర్థం ఇంగ్లిష్‌లో. లిపి మారడమే అక్కడ బొద్దు అక్షరం పని చేసింది.

ఉత్తర తెలంగాణలో వెనకటి తరం చదువుకున్నవాళ్లకు ఇంకో లిపి కూడా పరిచయం. నిజాం పాలనలో బడి భాష, కచేరీ భాష ఉర్దూ. ఉర్దూకూ పెద్దబడి, చిన్నబడి లేవు. శీర్షికను పెద్ద కలంతో రాస్తారు. కవి కలం పేరు మామూలు మాటగా పొరబడకుండా దాని నెత్తిన తఖల్లుస్ గుర్తు అనే చిన్న వంపు గీత పెడతారు. గజల్ చివరి షేర్‌లో కవి పేరు కోసం కన్ను పరుగెత్తినప్పుడు ఆ గీత పట్టిస్తుంది. మన మకుటానికి దగ్గరి చుట్టం, కాకపోతే కంటి వైపు నుంచి. ఆదిలాబాద్ సామల సదాశివ లాంటివాళ్లు రెండు లిపుల్లోనూ ఆరితేరినవాళ్లు. ఈ పోలిక మీద ఆయన ఒక వ్యాసం రాసి ఉంటే ఎంత బాగుండేదో.

ఇప్పుడు బడికి వద్దాం. తెలుగు మీడియంలో పది దాకా చదివిన ఎవరిని అడిగినా ఒక మాట చెబుతారు: ‘సైడ్ హెడ్డింగులు పెట్టి రాయుండ్రి, కింద గీత గీయుండ్రి, మార్కులు పడ్తయ్.’ నల్ల స్కెచ్ పెన్నుతో హెడ్డింగు, నీలం పెన్నుతో విషయం. కారణాలు, పరిణామాలు, ముగింపు. ఎందుకు? దిద్దే సార్ ముందు కట్టలు కట్టలు పేపర్లుంటాయి. ఆయన చదవడు, చూస్తాడు. ఎడమ అంచు వెంట కన్ను కిందికి జారిపోతుంటే సైడ్ హెడ్డింగులు ఆయన్ని ఆపుతాయి. ఏ ఎడిటరూ, ఏ ఇంజినీరూ చెప్పకుండానే తెలుగు పిల్లలు ఒక తరం తర్వాత ఒక తరం, తీరిక లేని పాఠకుడి కోసం రాయడం నేర్చుకున్నారు. దాన్ని మార్కుల జిమ్మిక్కు అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అందులో విషయం లేకపోతే జిమ్మిక్కే. ఉంటే మాత్రం అదే మంచి రాత.

ఈ సైడ్ హెడ్డింగు బడి దాటి పొలానికి పోయింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా వెలువరించే వ్యవసాయ పంచాంగం చూడండి. ఆ పేరు పెట్టినవాళ్లకు మొక్కాలి. వరి, పత్తి, మొక్కజొన్న, సోయా, పంటకొక అధ్యాయం. లోపల నేలలు, రకాలు, విత్తన మోతాదు, విత్తనశుద్ధి, ఎరువులు, కలుపు, సస్యరక్షణ అని ఎడమ అంచున మాటలు నిలబడి ఉంటాయి. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన స్థానం నుంచి వచ్చిన పొలాస ప్రభ, జగిత్యాల సన్నాలు లాంటి వరి రకాల గురించి తెలుసుకోవాలనుకున్న రైతు ‘రకాలు’ దగ్గర ఆగుతాడు. నారు ముదిరిపోతోందని కంగారుపడే రైతు ఆ వరుసలన్నీ దాటి నారుమడికి పోతాడు. తిథుల పంచాంగంలో వేలు ఎలా నడిచిందో ఇక్కడా అలాగే నడుస్తుంది.

ఈ పద్ధతి తెలుగుకు ఎందుకు అతికిందో నాకు చాలాకాలం తట్టలేదు. తెర మీద పాఠాల గురించి జరిగిన పరిశోధనలు చూశాక అర్థమైంది. 1980లలో ఐబీఎంలో జాన్ క్యారల్, కంప్యూటర్ మీద టైపు చేయడం నేర్చుకునే ఆఫీసు ఉద్యోగులను గమనించాడు. లావుపాటి మాన్యువల్‌ను వాళ్లు వరుసగా చదవడం లేదు. దూకుతున్నారు, పని మొదలుపెట్టేస్తున్నారు, ఇరుక్కున్నాక పుస్తకంలో వెతుకుతున్నారు. మాన్యువల్‌ను కోసి కురచ చేస్తే త్వరగా నేర్చుకున్నారు. 1997లో జాకబ్ నీల్సన్, జాన్ మోర్క్స్ ప్రచురించిన పరీక్షలో 79 శాతం మంది తెర మీది పాఠాన్ని పైపైన చూసుకుంటూ పోయారు. ప్రతి మాటా చదివినవాళ్లు 16 శాతమే. ఒకే విషయాన్ని శీర్షికలు, జాబితాలతో చూపు జారేందుకు వీలుగా మార్చి ఇస్తే, దాన్ని వాడుకోగలగడం 47 శాతం పెరిగింది. మాటలు సగానికి తగ్గిస్తే 58 శాతం. ఈ రెండూ చేసి, డప్పు కొట్టుకోవడం కూడా మానేస్తే 124 శాతం. 2006లో నీల్సన్ బృందమే కళ్ల కదలికను కొలిచి చూస్తే, చూపు మొదటి పంక్తుల మీద అడ్డంగా పోయి, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి దిగిపోతోందని తేలింది.

అదంతా ఇంగ్లిష్ పాఠాల మీద జరిగిన పరీక్ష. అక్కడ సూచన వాక్యం క్రియతోనే మొదలవుతుంది. నొక్కు, తెరువు, ఎంచుకో అన్నట్టు ఎడమ అంచునే పని ఉంటుంది. చూపు అంచు వెంట జారితే పనులన్నీ వరుసగా దొరుకుతాయి. మనకు క్రియ చివర కదా వచ్చేది. ‘తెర పైన కుడివైపు కనిపించే మూడు చుక్కల మీద వేలు పెట్టి, వచ్చిన జాబితాలో నాలుగో వరుసను ఎంచుకుని, కింద ఉన్న బటన్ నొక్కండి’ అని రాస్తే, అంచున ఉండేది ‘తెర పైన’. పని ఎక్కడో మూడో పంక్తి చివర. పైగా పెట్టి, ఎంచుకుని, వెళ్లి అంటూ మూడు మెట్లను ఒకే వాక్యంలో కుట్టేయడం మనకు అలవాటు. కథ చెప్పేటప్పుడు ఎంత సొంపైన అలవాటో, పాఠం చెప్పేటప్పుడు అంత ఇబ్బంది. ఇంగ్లిష్ పాఠాన్ని అనువదించి అంకెలూ బొద్దు అక్షరాలూ అలాగే ఉంచితే, తెలుగు పేజీలో అవి తప్పు చోట మెరుస్తుంటాయి.

దీనికి విరుగుడు మనవాళ్లు ముందే రాసిపెట్టారు. అంచున క్రియ నిలబడనప్పుడు నామవాచకాన్ని నిలబెట్టాలి. ‘విత్తనశుద్ధి’ అని ముందు పెట్టి, తర్వాత వాక్యం ఎంత దూరమైనా పోనివ్వచ్చు. ప్రతిపదార్థంలో మాట ముందు, అర్థం వెనక. పరీక్ష పేపర్లో ‘కారణాలు’. వ్యవసాయ పంచాంగంలో ‘నారుమడి’. అన్నీ ఒకే ఉపాయం. ఫోన్ పాఠంలో కూడా ఆ మెట్టులో తాకాల్సిన బటన్ పేరునో, నింపాల్సిన గడి పేరునో పంక్తి మొదట బొద్దుగా పెట్టి, మెట్టుకొక వాక్యం రాస్తే చాలు. మిగతా చోట్ల బొద్దు వాడకపోవడమే మంచిది. పేజీలో సగం నల్లబడితే ఏదీ కనబడదు.

బొద్దుతో ఇంకో తంటా కూడా ఉంది. తెర మీద శీర్షికలు, నొక్కి చెప్పడం వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో 1990ల మొదట్లోనే చేరాయి. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ అనే తేలిక రాత పద్ధతి తెచ్చాక, మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్ర గుర్తులు పెడితే బొద్దు వచ్చేసింది. కానీ వాడే ఖతికి (ఫాంటుకు) బొద్దు రూపం ఉండాలి కదా. మండలి, సురన్న, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఖతులకు ఒకే బరువు. రామభద్ర మొదటి నుంచీ లావే. బొద్దు లేనిచోట బ్రౌజర్ తానే అక్షరం చుట్టూ మసి పూసి లావు చేస్తుంది. ఇంగ్లిష్‌లో అది చెల్లిపోతుంది. తెలుగులో సున్నాల కడుపులు పూడుకుపోతాయి, ఒత్తు మీది అక్షరానికి అంటుకుంటుంది. పంక్తుల మధ్య ఎడం కూడా ఇంగ్లిష్ లెక్కనే ఉంచితే పై పంక్తి ఒత్తు, కింది పంక్తి గుడి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి తొమ్మిది బరువుల ఖతి ఎంచుకుని, పంక్తుల మధ్య ఇంకొంచెం ఖాళీ వదిలితే, సగం బొద్దు అవసరమే తప్పుతుంది. తెలుగు పేజీకి మొదటి అలంకారం ఖాళీయేనని నా నమ్మకం.

అలంకారం అన్నాను గానీ, ఆదిలాబాద్ పత్తి చేలలో ఇది ప్రాణాల వ్యవహారం. పురుగుమందు డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. 1968 పురుగుమందుల చట్టం కింద వచ్చిన 1971 నియమాల ప్రకారం లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు అదే ఉండాలి. కింది త్రికోణంలో రంగు: అత్యంత విషపూరితానికి ఎరుపు, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. పై త్రికోణంలో హెచ్చరిక మాట, ఎరుపుకైతే పుర్రె, ఎముకల గుర్తు కూడా. చదువు రానివాడు సైతం ఒక్క చూపులో పట్టుకోవాలని చేసిన ఏర్పాటు. మంచి ఏర్పాటే, కానీ ఆకుపచ్చ అంటే మన కంటికి పచ్చదనం, క్షేమం. ఆ డబ్బా మీద దాని అర్థం ‘తక్కువ విషం’ మాత్రమే. ఇక లోపలి కరపత్రం రెండు మూడు భాషల్లో, మిల్లీలీటర్ల లెక్కలతో, మడతల మధ్య చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. రైతుకు కావలసిన ఒకే ఒక్క అంకె, ఎకరాకు ఎంత అన్నది, వాక్యం నడుమ ఇరుక్కుని ఉంటే ఆ కరపత్రం ఉన్నా లేనట్టే.

కథ ఇంకా ముగియని చోటు కూడా ఆదిలాబాద్‌లోనే ఉంది. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో తయారయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు, నార్నూరు మండలం గుంజాలలో గోండి భాషకే చెందిన లిపిలో రాసిన పాత ప్రతులను హైదరాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. లిపి నేర్పే వాచకం వచ్చింది, ఖతి వచ్చింది, 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో గుంజాల గోండి చేరింది. ఆ లిపిలో ఫోన్ పాఠం రాయడానికి ఇప్పుడు సాంకేతికంగా అడ్డు లేదు.

ఆ పాఠానికి శీర్షికలు ఎలా ఉండాలో గోండులే తేల్చుకుంటారు. వెతుకులాటకు అన్నిటికంటే పాత పనిముట్టు అయిన అక్షర క్రమం మాత్రం ఆ లిపికి ముందే సొంతంగా ఉంది. మన వర్ణమాల హల్లులు ‘క ఖ గ’తో మొదలవుతాయి. గుంజాల వర్ణమాలలో హల్లుల వరుస ‘య, వ, బ, భ, మ’ అని మొదలై, ఆ తర్వాతే ‘క, ఖ’ వస్తాయి. యూనికోడ్ పట్టికలోనూ ఆ వరుసనే ఉంచారు. ఆ క్రమంలో రేపెవరైనా పాఠం చివర పదాల పట్టిక కూరిస్తే, ‘య’తో మొదలయ్యే మాటలు ‘క’ మాటల కంటే ముందుంటాయి, గుంజాల పిల్లలు పేజీ తిప్పేది అటు నుంచే.